బౌరో కాదన్న రోజు

దేశాలన్నీ ఆడే పెద్ద క్రీడల ఊరేగింపులో పసిఫిక్ దీవుల కిరిబాస్ జట్టు వంతు వచ్చేసరికి చూసేవాళ్లు మంచినీళ్లకని లేస్తారు. జెండా పట్టేది ఒకరు, వెనక నడిచేది ముగ్గురో నలుగురో. ఆ నలుగురిలో ఒకరిగా నడవడానికి మా తరావా దీవిలో మనుషులు ఎంతలా పడిగాపులు కాస్తారో, అలా లేచిపోయే మహానుభావులకు తెలియదు. బౌరోకు తెలుసు. అతను ఒక్కసారి కూడా ఆ ఊరేగింపులో నడవలేదు.

బేసియో రేవులో బియ్యం బస్తాలు దించడం అతని పని. పసితనంలోనే తల్లి పోతే అక్క తాబేటా పెంచింది. తన వంతు చేప ముక్క తమ్ముడికి పెట్టి, తాను కొబ్బరి కల్లు కాచిన పాకం నీళ్లలో కలుపుకుని తాగి పడుకునేది. ఆ తిండి వృథా పోలేదు. మీసాలు వచ్చేనాటికి బౌరో రెండు బస్తాలు ఒకేసారి భుజానికెత్తేవాడు. ఆ రోజుల్లోనే మా దేశంలో బరువులెత్తే జట్టు పుట్టింది. జట్టు అనడమే గానీ సామగ్రి ఏదీ? యుద్ధం నాడు ఒడ్డున వదిలేసి పోయిన ఇనుప కడ్డీ ఒకటి, దానికి రెండు వైపులా సిమెంటు పోసిన డబ్బాలు, పైన సీమపనస నీడ. ద్వీపాల క్రీడలకు బరువులెత్తడానికి ఒకే ఒక్కడిని పంపుతామన్నారు. అందరికన్నా ఎక్కువ ఎత్తినవాడు బౌరో.

పేరు ఖాయమైన కొన్నాళ్లకే మేనమామ వచ్చి చాప మీద కూర్చున్నాడు. తీరిగ్గా పొగాకు చుట్టుకుని, "అల్లుడూ, నీ చోటు మావాడికి కావాలి. బుబుసి చేస్తున్నా" అన్నాడు.

చుట్టం ఇంటికొచ్చి ఆ మాటతో ఏదడిగినా ఇవ్వాల్సిందే. పడవైనా సరే, ఒంటి మీది చొక్కా అయినా సరే. ఎందుకని అడగడం కూడా మర్యాద కాదు. కాదన్నవాడు మనేబాకు, ఊరంతా కూడే ఆ పెద్ద పాకకు, ఇక తలెత్తుకుని రాలేడు. బౌరో అక్క వైపు చూశాడు. తాబేటా కళ్లు దించుకుంది. అతను తల ఊపాడు.

మామ కొడుకు వెళ్లాడు. తేలిక బరువుతో మొదలుపెడితే నవ్వుతారని మొదటే పెద్ద బరువు వేయించుకుని, మూడుసార్లూ కింద పడేశాడు. అలా పడేసినవాడికి ఆఖరి స్థానం కూడా ఇవ్వరు. రేడియోలో ద్వీపాల పేర్లన్నీ చదివారు, మాది చదవలేదు. బౌరో రేడియో కట్టేసి పనిలోకి పోయాడు. రేవులో నోళ్లు ఊరుకుంటాయా?

"చోటు కూడా దానం చేస్తార్రా ఎవడైనా? రేపు పెళ్లాన్ని అడిగితే?" అన్నాడొకడు.

"మీ మామ అడిగితే నువ్వివ్వవా?" అన్నాడు బౌరో.

ఆ మాట అన్నవాడు బస్తా ఎత్తుకున్నాడు. వాడైనా ఇచ్చేవాడే.

ఆ తర్వాత బౌరో పోటీలకు పేరివ్వలేదు. పెళ్లయింది, కూతురు పుట్టింది. తెరాకా నడక నేర్చిన దగ్గర్నుంచి ఆ ఇనుప కడ్డీ చుట్టూనే తిరిగేది. తాబేటా కూతురు మెరేయా కూడా దాని జతే. ఇద్దరికీ బౌరోయే నేర్పాడు. ఇద్దరూ మెరికల్లా తయారయ్యారు. కాకపోతే తెరాకా ఎప్పుడూ ఓ పిసరు ఎక్కువ ఎత్తేది. పెద్ద క్రీడలకు ఈసారి ఒక అమ్మాయిని పంపుతామన్నప్పుడు తెరాకా పేరు వచ్చింది. బౌరో ఆ రోజు రేవులో ఎవరు పలకరించినా ఊరికే నవ్వాడు.

ఒక పొద్దున తాబేటా వచ్చింది.

"ఏరా, నీ కూతురు బరువు కింద పడేసినప్పుడల్లా మా ఇంట్లో గిన్నెలు దొర్లుతున్నాయి" అంది చాప మీద కూలబడుతూ.

"మరి నీ కూతురు పడేసినప్పుడు మా పొయ్యి ఆరిపోతోంది" అన్నాడు బౌరో.

ఆమె నవ్వింది. తర్వాత చాలాసేపు చాప అంచు సవరిస్తూ కూర్చుంది. చివరికి తల ఎత్తకుండానే అంది.

"తెరాకా చోటు మెరేయాకి ఇవ్వు తమ్ముడూ. బుబుసి చేస్తున్నా."

బయట కొబ్బరికాయ ఒలుస్తున్న తెరాకా చెయ్యి ఆగింది. తిరిగి చూడలేదు. బౌరోకు కూతురి వీపు మాత్రమే కనిపిస్తోంది.

"ఇవ్వను అక్కా."

"ఏమన్నావు?"

"ఇవ్వను. నాది అడిగారు, ఇచ్చేశాను. ఇది నా బిడ్డది."

"అయితే దాన్నే అడుగుతాను."

"అది నోరు విప్పదు. నేను చెబుతున్నాగా."

తాబేటా లేచింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టి ఉంటే బౌరోకు ఎంతో తేలికయ్యేది. ముడతపడ్డ చాపను చేత్తో సాపు చేసి వెళ్లిపోయింది.

మనేబాలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. బౌరో కూర్చున్నప్పుడు అటూ ఇటూ ఉన్నవాళ్లు కొంచెం జరిగేవారు, అంతే. అంత ఘోరమైన తప్పేమీ కాదది. తండ్రన్నవాడు ఎవడైనా చేసేదే చేశాడు. కానీ పడవలు, చొక్కాలు, చివరికి కన్నబిడ్డలను కూడా చుట్టాలకు పెంపకానికి ఇచ్చి బతికిన ఊరికి ఆ మాట మింగుడుపడలేదు.

తెరాకా వెళ్లింది, బరువెత్తింది. రేడియోలో ఐదో స్థానం కిరిబాస్‌ది అని చదివినప్పుడు బౌరో మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అంతటి స్థానం మా వాళ్లెవరికీ అంతకుముందు రాలేదు. తిరిగొచ్చిన కూతురికి విందు చేశాడు. జనం వచ్చారు, తిన్నారు, తలొంచుకుని పోయారు. అక్క ఇంటి నుంచి ఎవరూ రాలేదు.

గిన్నెలు కడుగుతూ తెరాకా అంది.

"నాన్నా, అత్త అడిగింది నా చోటు. అవునన్నా కాదన్నా నేనే అనాలి కదా."

"నువ్వు ఇచ్చేసేదానివి."

"ఇచ్చేసేదాన్నే. అత్త మొహం చూడగలిగేదాన్ని."

బౌరో కడిగిన గిన్నెలు బోర్లించాడు. మర్నాడు అక్క ఇంటికి వెళ్లాడు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు, కల్లు పాకం కలిపి ఇచ్చారు. తాబేటా మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అంతే.

ఏడాది తిరగకుండానే ఆమె పోయింది. చక్కెర జబ్బు ముదిరిందట. ఇక ఎక్కువ కాలం ఉండవని ఆసుపత్రిలో చెప్పిన వారంలోనే ఆమె తమ్ముడి ఇంటికి వచ్చిందని, ఊరేగింపును మనేబాలో తెర మీద వేసినప్పుడు అందులో కూతురు నడుస్తుంటే చూసి పోదామనుకుందని తెరాకాకు మెరేయా చెప్పింది. తెరాకా ఏడుస్తూ తండ్రికి చెప్పింది. అడిగేవాళ్లు కారణం చెప్పరు కదా. ఆ రోజు తానైనా మర్యాద తప్పి ఎందుకక్కా అని అడగలేదే అని బౌరో నెత్తి కొట్టుకున్నాడు.

శవాన్ని కొత్త చాపల మీద పడుకోబెట్టారు. చుట్టూ రక్తసంబంధీకులు కూర్చున్నారు. తల దగ్గర మెరేయా. బౌరో అక్కకని తెచ్చిన చాప చేత పట్టుకుని పాక అంచున నిలబడ్డాడు. పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మని ఎవరూ జరగలేదు. పాటలు అయిపోయాయి, మళ్లీ మొదలయ్యాయి. చివరికి వంగి, తలలన్నిటికన్నా కిందికి వంగి, మెరేయా దాకా వెళ్లాడు.

"అమ్మా, మీ అమ్మ పక్కన నన్ను కాసేపు కూర్చోనివ్వు. బుబుసి చేస్తున్నా."

పాటలు ఆగాయి. మెరేయా ఎర్రబడ్డ కళ్లతో అతన్ని చూసింది.

"అడిగావు కదా మావయ్యా. కాదనడం మాకు రాదు" అని లేచి, తన చోటు అతనికి ఇచ్చింది.