గాలికి దారి గీసిన రజియా మేడం

మొన్న శ్రావణంలో ఒక ఫ్లాటు చూడడానికి బెంజి సర్కిల్ వైపు వెళ్లాను. తలుపు తీయగానే ముక్కవాసన గుప్పుమంది. తడి ఆరని బట్టలు మడతపెట్టి బీరువాలో మరిచిపోతే వచ్చే వాసన అది. బయట వాన వెలిసి చాలాసేపయింది, అయినా లోపల కిటికీలన్నీ బిగించే ఉన్నాయి. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే జిగటగా తగిలింది. ఆ చెమ్మ చేతికి అంటగానే రజియా మేడం గుర్తుకొచ్చారు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆవిడ ముందు గోడను తాకి చూసేవారు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

మేడం ఇళ్లకు ప్లాన్లు గీసే ఇంజినీరు. తొంభైల్లో గవర్నరుపేటలో ఒక మేడ మీద ఆవిడ ఆఫీసు ఉండేది. నేను ఉయ్యూరు నుంచి వచ్చాను, చెరుకు రైతు కూతుర్ని. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి, గీతలు తిన్నగా గీయడం వస్తే చాలు ఉద్యోగం వచ్చినట్టే అనుకునే వయసు. నా మొదటి ప్లాను ఆవిడ ముందు పెట్టి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. మేడం కళ్లజోడు సర్దుకుని చూశారు.

"బాగుంది పద్మా. మరి గాలేదీ?"

"కిటికీలు పెట్టాను కదా మేడం."

"పెట్టావు. అన్నీ ఒకే గోడకి పెట్టావు. లోపలికొచ్చిన గాలి ఎటు పోవాలమ్మా?"

నేను ప్లాను అటూ ఇటూ తిప్పి చూశాను. ఆవిడ విసుక్కోలేదు. ఆ మధ్యాహ్నమే సత్యనారాయణపురంలో కట్టడం పూర్తి కావస్తున్న ఒక ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆకు కదలని ఉక్క. మేడం సంచిలోంచి ఊదువత్తి తీసి వెలిగించి, గది మధ్యన పట్టుకున్నారు. పొగ కాసేపు నిటారుగా లేచి, పైకప్పు కింద తచ్చాడింది. ఆవిడ కిటికీకి ఎదురుగోడ పైనున్న వెంటిలేటరు తెరిచారు. పొగ మెల్లగా అటు వంగి, తీగలా సాగి బయటికి జారిపోయింది.

"మనది ఒట్టి ఎండల ఊరనుకుంటారు అందరూ," అన్నారు మేడం. "ఓ పక్క కృష్ణ, చుట్టూ కాలవలు. గాల్లోనే నీళ్లుంటాయి. పైగా వంట ఆవిరి, స్నానాల ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టలూ. ఆ తడంతా ఇంట్లో తిష్ట వేస్తే మనుషులకి చోటుండదు."

ఆ తర్వాత నేను ఎన్నో ఇళ్లు గీశాను. కానీ గాలి అనేది ఒక సంసారాన్ని నిలబెట్టగలదని నాకు తెలిసింది మాత్రం పటమటలో, సాంబశివరావు గారింట్లో.

సాంబశివరావు గారు బట్టల వ్యాపారి, పెద్దమనిషి. ఆయన ఇంటి ప్లాను మేమే గీశాం. గృహప్రవేశమయ్యాక కొన్నేళ్లకు, పడగ్గది గోడ రంగు పెచ్చులూడిపోతోంది, ఒకసారి వచ్చి చూడమని ఆయన కబురు చేశారు. వెళ్లేసరికి హాల్లో అందరూ ముభావంగా ఉన్నారు. ఒక మూల సంచి సర్ది ఉంది. పక్కనే కోడలు అనసూయ ఆయాసపడుతూ కూర్చుని ఉంది. మేడం ఏమయిందని అడిగితే అత్తగారు కనకదుర్గమ్మ గారు చెప్పారు.

"పుట్టింటి జబ్బండీ. పెళ్లికి ముందు మాకు చెప్పలేదు. అదేం విడ్డూరమో, హనుమాన్ జంక్షన్‌లో వాళ్లమ్మ దగ్గర ఉన్నన్నాళ్లూ దగ్గే ఉండదు. ఇక్కడికి రాగానే మొదలు. ఇష్టం లేని కాపురమేమో, అక్కడే ఉండమంటున్నాం."

అనసూయ తల ఎత్తలేదు. భర్త గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

మేడం లోపలికి నడిచారు. మేం గీసిన ఇల్లు అక్కడ లేదు. దోమలొస్తున్నాయని, రోడ్డు దుమ్ము పడుతోందని వెంటిలేటర్లన్నీ పూడ్చేశారు. ఏసీ పెట్టాక పడగ్గది కిటికీకి చెక్క బిగించారు. వంటింటి కిటికీ స్థానంలో అద్దాల అలమర వెలిసింది. మేడం అడిగితే అనసూయ భర్త ఇనుప బీరువాని కాస్త ముందుకు జరిపాడు. వెనకాల గోడ నిండా నల్లటి బూజు, మసి పూసినట్టు. అనసూయ తలగడకి జానెడు దూరంలో.

"బీరువా వెనక ఎవరు చూస్తారు మేడం గారూ?" అన్నారు సాంబశివరావు గారు, కొంచెం చిన్నబుచ్చుకుని. "రంగు వేయిస్తే పోతుంది. దానికీ దగ్గుకీ ఏం సంబంధం?"

"ఒక్క పని చెయ్యండి సార్. అనసూయ వరండాలో కూర్చుంటుంది. అమ్మగారు పప్పులోకి పోపు వేస్తారు. మీరు పక్కన నిలబడండి."

ఆయన నవ్వి, సరేనని వెళ్లారు. నూనె కాగింది. ఎండుమిరపకాయలు పడ్డాయి. పొగ అలమర అద్దాలకు తగిలి, పోయేందుకు దారి లేక వంటిల్లంతా కమ్మేసింది. సాంబశివరావు గారు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ హాల్లోకి పరుగెత్తుకొచ్చారు. మేడం మంచినీళ్ల గ్లాసు అందించి, చాలా మర్యాదగా అడిగారు.

"మీకూ పుట్టింటి జబ్బేనా అండీ?"

ఆయన మొహం ఎర్రబడింది. నేను భయపడ్డాను. అంతలో వరండాలోంచి అనసూయ నవ్వు ఆపుకోలేక పైకే నవ్వేసింది. ఆయన కూడా దగ్గు మధ్యలో నవ్వడం మొదలుపెట్టారు. కనకదుర్గమ్మ గారు మాత్రం నవ్వలేదు. కొంగుతో ముక్కు మూసుకుని వంటింట్లోంచి తిన్నగా వరండాలోకి వెళ్లారు.

"ఇందులో రోజూ ఎలా వండుతున్నావే? నాకు చెప్పొద్దూ?"

"చెబితే పని తప్పించుకుంటున్నాననుకుంటారని అత్తయ్యా," అంది అనసూయ.

ఆవిడ కోడలి పక్కనే కూర్చుండిపోయారు. సంచి ఆ సాయంత్రమే లోపలికి వెళ్లింది.

మేడం ఎవరినీ తప్పుపట్టలేదు. దోమల బాధ నిజమేనన్నారు. కిటికీలన్నిటికీ సన్నని మెష్ బిగించమన్నారు. అలమర తీయించి వంటింటికి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. వాన కురిసేటప్పుడు మూసుకోండి, వండేటప్పుడూ స్నానాలయ్యాకా ఆవిరిని మాత్రం బయటికి పంపండి అని చెప్పారు. చెమ్మ పట్టిన గోడ పెచ్చు గీకించి, ఆరనిచ్చి, మళ్లీ సున్నం పూయించారు. డాక్టరు ఇచ్చిన మందు మానొద్దని అనసూయకు గట్టిగా చెప్పారు. ఆ అమ్మాయి ఆయాసం పూర్తిగా పోలేదు. చలికాలంలో కొంచెం వస్తూనే ఉండేది. కానీ ఆ ఇంట్లోనే కాపురం చేసింది. తర్వాత ఎప్పుడో బీసెంట్ రోడ్డులో అత్తాకోడళ్లిద్దరూ చీరల బేరమాడుతూ కనిపించారు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ.

రెండువేల తర్వాత ఊరంతా అపార్టుమెంట్లు లేచాయి. గాలికోసం వదిలిన జాగా దండగ అనే బిల్డర్లతో మేడం ఓపిగ్గా వాదించేవారు. కొన్నిసార్లు గెలిచేవారు. గెలవనినాడు ప్లాను మడిచి, "ఇంకెవరైనా గీస్తార్లెండి," అని టీ తెప్పించేవారు. చూపు మందగించాక బందరులో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడే, ప్రశాంతంగా కన్నుమూశారు.

ఇప్పుడు నాకూ ఒక ఆఫీసుంది. ఇల్లు కట్టుకుందామని దంపతులు వస్తారు. పార్కింగు గురించి, ఇంటి ముందువైపు ఎలివేషన్ గురించి భర్త ఉత్సాహంగా చెబుతుంటే భార్య ఒక అడుగు వెనక కూర్చుని వింటుంది. నేను అంతా విని, ఆవిడ వైపు తిరిగి అడుగుతాను.

"మీరు రోజులో ఎక్కువసేపు ఏ గదిలో ఉంటారండీ?"

ఆ మాట తమనెవరైనా అడుగుతారని చాలామంది అనుకోరు. కుర్చీ ముందుకు జరుపుకుంటారు. ముందు ఆ గదికి కిటికీలు గీయమని నేను పెన్సిల్ ఆవిడ చేతికిస్తాను.