గేటు దగ్గర నుంచి పుస్తె కట్టే ఫోటో

తెలంగాణ వచ్చిన మూడో ఏటి ఎండాకాలంలో హాలియా పక్క ఊళ్లో ఒక పెళ్లికి ఫోటోలు తీసే పని నాకు వచ్చింది. మా ఆయన పోయాక స్టూడియో నేనే నడిపేదాన్ని. చదువు సంతకం వరకే. కెమెరా మీది అంకెలు మాత్రం నిద్రలో అడిగినా చెప్పేదాన్ని.

పెళ్లికూతురు కోరింది ఒక్కటే, పుస్తె కట్టే ఫోటో చక్కగా రావాలని. వాళ్లక్క పెళ్లిలో ఆ సమయానికి ఫోటోగ్రాఫర్ బంతిలో కూర్చుని తింటున్నాడట.

పెళ్లికొడుకు మేనత్త నా బోసి నుదురు చూసింది. "మొగడు లేనామె ముహూర్తం కాడ ముంగట నిలవడితే ఎట్ల? గేటు కాడ ఉండి తియ్యి, సెల్లె," అన్నది.

గేటు నుంచి పందిరికి నూరడుగులు. సంచిలోంచి టెలీకన్వర్టర్ తీశాను. కెమెరాకు, లెన్స్‌కు మధ్య బిగించే గాజు డబ్బా అది. నాది రెండింతలది: దూరాన్ని సగం చేస్తుంది, వెలుతురును నాలుగో వంతుకు దించుతుంది. పొద్దున వాకిట్లో, ఎండలో నలుగు పెడుతుంటే గేటు నుంచే తీసినా, పెళ్లికూతురి చెంప మీది పసుపు చుక్క కూడా స్పష్టంగా వచ్చింది.

"చూసినవా, దూరముంటే ఎంత మంచిగొచ్చిందో!" అని మేనత్త ఆ గొప్ప కూడా తన ఖాతాలోనే వేసుకుంది.

ముహూర్తం పందిరి కింద. పైన మందపాటి గుడ్డ. లెన్స్ ముందుకూ వెనక్కూ తిరిగిందే గాని ఎవరి మొహమూ పట్టలేదు. ఒకటి తీసి చూస్తే, వెలుతురు చాలక కదిలిన చెయ్యి రెండుగా పడి పెళ్లికొడుక్కు నాలుగు చేతులు. అంతలోనే అయ్యగారు పుస్తె అతని చేతికిచ్చాడు.

కన్వర్టర్ విప్పి, లెన్స్ మళ్లీ బిగించి, పందిట్లోకి నడిచాను. మేనత్త అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏయ్, ఎటొస్తున్నవ్?"

"అక్కా, గాడికెల్లి తీస్తే మీ పిలగానికి నాలుగు చేతులొస్తున్నయ్. గట్లనే ఫ్రేం కట్టియ్యాల్నా?"

పందిరంతా నవ్వింది. పెళ్లికూతురు తలెత్తి, "అత్తమ్మా, జర జరుగు. ఆమె వచ్చేదాంక నేను మెడ వంచ," అన్నది. పెళ్లికొడుకు పుస్తె పట్టుకుని కొయ్యబొమ్మలా ఆగాడు. అయ్యగారు గడియారం చూసి, "జల్ది రావమ్మా, ముహూర్తం దాటిపోతాంది," అని నన్నే పిలిచాడు.

ఆరడుగుల దూరంలో కూర్చుని తీశాను. ముడి, వేళ్లు, వంగిన మెడ అన్నీ తేటగా వచ్చాయి. ఓ మూల మేనత్త అరచెయ్యి కూడా. ఆల్బంలో అది తన ఆశీర్వాదమని ఆవిడ అందరికీ చూపించిందట.

ఎండ బాగా ఉండి, మధ్యలో కాలువో కంచో అడ్డమున్నప్పుడు కన్వర్టర్ పెట్టుకోవాలి. అడ్డమున్నది పెళ్లికొడుకు మేనత్త అయితే విప్పి సంచిలో వేసుకోవాలి.