ఇద్దరికి తక్కువైతే వండరు

ఒంటరిగా భోజనానికి వచ్చిన మనిషంటే హోటలువాళ్ళకి చిన్నచూపు. ఒబ్దూలియాకి హోటలువాళ్ళంటే అనుమానం. కాబట్టి చెల్లుకి చెల్లు. గుమ్మంలో "ఒక్కరేనా అమ్మా?" అని అడిగినవాడి ముఖంలోకి ఆమె ఒక క్షణం అలాగే చూసేది. ఇక మరుగుదొడ్డి పక్క బల్ల చూపిస్తాడని తెలుసు. అడగని రొట్టె తెచ్చి పెట్టి బిల్లులో కలుపుతాడని తెలుసు. నిన్నటి సూపు మిగిలితే అది ఒంటరివాళ్ళ గిన్నెలోకే చేరుతుందనీ తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి సుఖంగా భోంచెయ్యడం కష్టం. ఆమె కూడా చేసేది కాదు, గోడకి వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చుని, కాపలా కాస్తున్నట్టు తినేది.

తప్పంతా ఆమెదే అనలేం. ఉత్తరాన అస్తోర్గా ఊరి మనిషి, ముప్ఫై ఏళ్ళకు పైగా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసింది. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూసే తీరే వేరంటుంది. ఆమెకొక పద్ధతి ఉండేది. ప్రశ్న అడిగి, జవాబు విని, కాసేపు వానల గురించీ ఎండల గురించీ మాట్లాడి, అదే ప్రశ్న ఇంకోలా అడిగేది. అబద్ధమైతే రెండో జవాబు దారి తప్పేది. ఆ పద్ధతికి చిక్కినవాళ్ళలో ఒక పాదిరీ ఉన్నాడు, సొంత మేనమామ కొడుకు ఉన్నాడు, పెళ్ళాడతానని వెంటపడ్డ గార్డు లియోన్సియో కూడా ఉన్నాడు. ఆదివారం ఎక్కడున్నావంటే మొదట అమ్మ దగ్గరన్నాడు, తర్వాత ఫుట్‌బాల్ ఆట దగ్గరన్నాడు. అక్కడితో ఆ సంబంధం సరి. ఆ రోజు అతను రెండు చోట్లకీ వెళ్ళాడని తర్వాత ఎవరో చెప్పారు గానీ, అప్పటికి అతనికి ఇంకెవరితోనో పెళ్ళయిపోయింది.

అన్నేళ్ళలో తూర్పు తీరాన ఉన్న వలెన్సియాకి ఆమె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ స్టేషన్ బెంచీ మీద కాగితంలో చుట్టిన రొట్టె తిని, అదే బండిలో వెనక్కి వెళ్ళిపోయేది. తిరుగు ప్రయాణంలో ఎక్కినవాళ్ళంతా ఇక్కడి అన్నం గురించే మాట్లాడేవాళ్ళు. నారింజ కట్టెల మీద వండిన అన్నం, కుందేలు మాంసం, చిక్కుళ్ళు, నత్తలు, అడుగున ఎర్రగా పట్టిన మాడు. ఆమె టికెట్లకి బెజ్జాలు కొడుతూ గుటకలు మింగేది. రిటైరయ్యాక మామూలు ప్రయాణికురాలిలా మొదటిసారి రైలెక్కింది ఆ అన్నం కోసమే. ఇంకే కోరికా లేదు. తీరా వచ్చాక, ఏ హోటల్లో అడిగినా ఒకటే మాట, ఇద్దరికి తక్కువైతే వండమని. పెనం వెడల్పు, నీళ్ళ కొలత, మంట, ఒక్కరికోసం కుదరవన్నారు. ఇద్దరిదీ నేనే తింటానంటే, అన్నం పారెయ్యడానికి మేం వండమమ్మా అని ఒకావిడ తలుపు దగ్గరే నిలదీసింది. ఒబ్దూలియాకి ఇదంతా కట్టుకథలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు. ఆ రోజు గురువారం, ఊరంతా అన్నం వండే రోజు. మధ్యాహ్నం రెండు దాటాక సముద్రం వైపు కబన్యాల్ పేటలో ఒక చిన్న హోటల్లోకి వెళ్ళింది. కాదంటే ఇక వేయించిన చేపే గతి అనుకుంది.

సర్వర్ తోనెత్ బట్టతల మనిషి, నడుముకి గుడ్డ చుట్టుకుని పరుగులాంటి నడకతో తిరుగుతున్నాడు. రేపు పొద్దున్నే రైలు, ఇవాళ తప్పితే తినలేనని ఆమె అడిగింది విని ఆగి, మూల బల్ల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీరు వేరేగా అనుకోకపోతే ఒక మాట. అదుగో, ఆ పెద్దాయన కూడా ఒక్కరే. ఆయనకీ అన్నమే కావాలి. మీరిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటానంటే ఇప్పుడే పెనం ఎక్కించేస్తా."

మూలన డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నీట్‌గా దువ్విన తెల్లజుట్టు. ఆమెని చూసి అప్పుడే లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాలని ఒబ్దూలియా ఎప్పుడూ నమ్మలేదు. సరిగ్గా తను వచ్చేసరికి ఇంకో ఒంటరి మనిషి సిద్ధంగా ఉండటమేమిటి? ఈ సర్వర్ ఆయన వైపు అలా చూడటమేమిటి? ఇద్దరూ కలిసి ఎంతమందిని ఇలా కూర్చోబెట్టారో. అయినా వంటింట్లోంచి కట్టెల వాసన వస్తోంది. వెళ్ళి కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

కూర్చున్న వెంటనే, మా ఆయన హోటల్లో పడుకున్నాడు, కాసేపట్లో వచ్చేస్తాడు అని చెప్పింది. ఆమెకి మొగుడు లేడు. ఊళ్ళు తిరిగేటప్పుడు మాత్రం ఒకడుంటాడు, ఎప్పుడూ హోటల్లో పడుకునే ఉంటాడు, ఎంత బద్ధకస్తుడో. పెద్దాయన తన పేరు 'బాతిస్తే' అని చెప్పాడు. మా ఆవిడ ఇంట్లో ఉందండీ, ఆవిడకి అన్నం పడదు, అందుకే నేనొక్కణ్ణే వస్తాను అన్నాడు. ఒబ్దూలియా ఆ మాటని జాగ్రత్తగా దాచుకుంది.

అన్నం ఉడికేలోగా ఆయన అడిగినవన్నీ దొంగ అడిగే ప్రశ్నలే. ఎక్కడ దిగారు, ఎన్నాళ్ళుంటారు, రైలెప్పుడు. అన్నిటికీ ఆమె సగం సగం జవాబులిచ్చింది. పెనం వచ్చాక బల్ల మధ్యలో పెట్టి, పళ్ళేలు లేకుండా రెండు చెక్క గరిటెలిచ్చి వెళ్ళిపోయాడు తోనెత్. ఎవరి వైపు వాళ్ళు తినాలి, అవతలి సగంలోకి గరిటె పోకూడదు. ఆమె కళ్ళలో వత్తులు వేసుకుని ఆ గీత కాపలా కాసింది. ఆయన గరిటె గీత దాటలేదు. కానీ ఒక మంచి కుందేలు ముక్క తీసి పెనం నడిమధ్యన పెట్టాడు. ఇక్కడ తనకి అక్కర్లేనిది మధ్యలో వదుల్తారండీ, మీకు ఇష్టమైతే తీసుకోండి అన్నాడు. అంత మంచి ముక్క ఎవరికి అక్కర్లేదు? ఆమె దాన్ని ముట్టుకోలేదు.

అన్నం మాత్రం రైల్లో విన్నదానికంటే బాగుంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి కూడా ఆమెకి భయంగానే ఉంది. గాలి గురించి, నారింజ పంట గురించి కాసేపు మాట్లాడి, అన్నం వండటంలో ఇంట్లో ఎవరిది పైచెయ్యి అని మామూలుగా అడిగింది.

బాతిస్తే ముఖం వెలిగింది. "మా ఆవిడదేనండీ, అనుమానమే లేదు. గురువారం గురువారం వండేది. మాడంతా తనే గీక్కుని తినేసేది, నాకు ఇంత కూడా మిగిల్చేది కాదు."

ఒబ్దూలియా గరిటె కింద పెట్టింది. రైలుపెట్టెలో ఆ చివరినుంచి ఈ చివరికి వినిపించే గొంతు ఆమెది, అది తగ్గించడం ఆమెకి రాదు.

"ఇందాక ఆవిడకి అన్నం పడదన్నారు. ఇప్పుడేమో మాడు గీక్కుని తినేదంటున్నారు. ఏది అబద్ధం?"

చుట్టూ బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆమె వదల్లేదు, ఆవిడ ఇంట్లో ఉందా లేదా అని అడిగింది. దొరికాడు అనుకున్నప్పుడు ఒంట్లోకి వచ్చే ఆ పాత హుషారు వచ్చేసింది.

ఆయన గరిటె తుడిచి పెనం అంచున పెట్టాడు. "పోయి నాలుగేళ్ళయిందండీ. ఆ మాట చెబితే ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు నాతో కూర్చోరు, భయపడతారు. అది తప్పని నేననను. అందుకని ఇంట్లో ఉందని చెబుతాను." కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "మీ ఆయన ఇంకా రాలేదేమని నేను మిమ్మల్ని అడగలేదు కదండీ."

కోటు తీసుకుని, అన్నం చల్లారితే బాగుండదు, మీరు తినండి అని చెప్పి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఒబ్దూలియాకి తల కొట్టేసినట్టయింది. తన లెక్క తప్పలేదు, ఆయన అబద్ధమే చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక మనిషిని పట్టుకుని ఇంత సిగ్గుపడటం ఇదే మొదటిసారి. ఆయనకి మొదటి నిమిషంలోనే తన సంగతి తెలుసు, తెలిసీ ఊరుకున్నాడు.

పక్క బల్లల్లో మాటలు మళ్ళీ మొదలయ్యాక ఆమె గరిటె తీసుకుంది. తన సగం తింది. రుచి తెలియలేదు. అవతలి సగంలో ఆయన వదిలేసింది వదిలేసినట్టే ఉంది.

తోనెత్ వచ్చి పెనం వంక, ఖాళీ కుర్చీ వంక చూశాడు. ఏం జరిగిందో అతనికి అప్పటికే తెలిసిపోయింది. మిగిలింది డబ్బాలో పెట్టి ఆయనకి పంపించమని ఆమె చెప్పింది.

"ఆయనకి అన్నం కరువా అమ్మా? ఈ పేటలో పెళ్ళిళ్ళకి వండిన చెయ్యి ఆయనది. ఇంట్లో మాకంటే బాగా వండుకోగలడు." తోనెత్ రొట్టెముక్కలు దులుపుతూ అన్నాడు. "ఎదురుగా ఒక మనిషుండాలి, అందుకొస్తాడు. ఎవరూ రాని గురువారం కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఇవాళ మిమ్మల్ని చూసి ఎంత సంతోషపడ్డాడో."

ఆయన ఇల్లెక్కడో చెప్పమంది ఒబ్దూలియా.

"ఎందుకమ్మా?"

"మాట్లాడాలి."

తోనెత్ ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి, అందరి ముందూ ఒక ముసలాయన్ని నిలదీసింది, ఇప్పుడు ఇల్లు అడుగుతోంది. మీరెవరో నాకు తెలీదు కదమ్మా అన్నాడు, మర్యాదగానే.

వచ్చే గురువారం నేనే వస్తాను, ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వొద్దు, మొగుడు లేని ఆడమనిషి తనతో కూర్చుంటానందని ఆయనకి చెప్పు అంది ఒబ్దూలియా. రేపు పొద్దున్నే రైలని మీరే అన్నారుగా అన్నాడతను. అవును, అన్నాను, వెళ్ళి మళ్ళీ వస్తాను అంది.

"అలాగేలెండి," అన్నాడు తోనెత్, పెనం ఎత్తుకుంటూ.

అతను ఒక్క ముక్క కూడా నమ్మలేదని ఆమెకి తెలిసిపోయింది. నమ్మించడానికి ఏం చెప్పాలా అని ఆలోచించింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇంకా కాసేపు అక్కడే కూర్చుంది.