జోహరాబీ రోజాల పుస్తకం

సిద్దికాకు డెబ్బై ఆరేళ్ళు. రంజాను రోజాల దగ్గర ఆమెతో పరాచికాలు చెల్లవు. షుగరుంది, ఉపవాసాలు మానమంటే డాక్టరునే మార్చేసిన మనిషి.

వినుకొండ పక్కన వాళ్ళ ఊరి మసీదుకు ఈ ఏడాది వందేళ్ళు. ఇంటింటి పెద్దల గురించి పుస్తకం వేస్తున్నారు. మనవరాలు నగ్మా కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

“మా నాయన నన్నే సాహెబ్ గురించి ఎంతైనా రాయి. మా అమ్మ మంత్రసాని అని రాస్తే చాలు. ఆమె భక్తి సంగతి ఎత్తకు,” అంది సిద్దికా.

“ఎందుకు అమ్మమ్మా?”

అరవై ఆరేళ్ళ కిందటిది, మనవలెవరికీ చెప్పనిది, ఆ రోజు చెప్పేసింది. ఆమెకు పదేళ్ళప్పుడు రంజాను మిరపకోతల్లో వచ్చింది. అమ్మ జోహరాబీ ఎదురింటి రాఘవమ్మకు పురుడు పోయడానికి వెళ్ళి, మిట్టమధ్యాహ్నం ఆ పెరట్లో నిలబడి గటగటా మజ్జిగ తాగుతుంటే సిద్దికా చూసింది. సాయంత్రం రోజా విడిచేవేళ, ఇంటినిండా చుట్టాలుండగా ఆ మాట బయటపెట్టింది. నాయన చేతిలో ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. “తాగావా?” అన్నాడు. “తాగాను” అంది అమ్మ. ఎందుకో చెప్పలేదు. కాన్పులు ఎప్పుడూ చేసేవేగా, దానికి రోజా విడవాలా అని అందరూ దెప్పారు. ఆ పండగకే జ్వరంతో మంచం పట్టిన అమ్మ వానాకాలంలో పోయింది. చుట్టాలు మాత్రం ఆ మాట పోనివ్వలేదు.

నగ్మా ఊరుకోలేదు. అటక మీది జోహరాబీ రేకుపెట్టె దించి, నిఖా కాగితాల అడుగునుంచి దారంతో కుట్టిన చిన్న పుస్తకం తీసింది. జోహరాబీకి అరబ్బీ రాదు, ఉర్దూ రాదు. మూడో తరగతి తెలుగులో గుండ్రంగా రాసుకుంది.

“‘రంజాను తొమ్మిదో రోజు. సుబ్బులు. తొలికాన్పు. ఆడపిల్ల. తాగాను.’ దీని కింద వేరే సిరాతో ‘తీర్చాను’ అని ఉంది అమ్మమ్మా.”

“సుబ్బులు తొలిచూలంటే మన ఇడ్లీల కోటిరత్నమే!”

పేజీ తర్వాత పేజీ. కష్టమైన కాన్పుల దగ్గర విడిచిన రోజాలు ముప్పై ఏడు. ముప్పై ఆరింటి కింద ‘తీర్చాను’ అని ఉంది. పండగ వెళ్ళాక కొన్ని రోజులు అమ్మ “నాకు ఆకలిగా లేదు, మీరు తినండి” అనేది. ఆ ఆకలి లేకపోవడం బాకీ రోజాలు తీర్చడమని సిద్దికాకు ఇప్పుడు తెలిసింది. ఎంత మనిషి కడుపున పుట్టాను, ఎంత మాట అన్నాను అనుకుంది.

నగ్మా చివరిది చదివింది. “‘పదిహేడో రోజు. రాఘవమ్మ. రెండు రోజుల నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగాడు. నా చేతులు వణికాయి. తాగాను. మగపిల్లాడు. రాఘవమ్మకు చెప్పవద్దు. తన వల్లే అని బాధపడుతుంది.’”

దాని కింద ఖాళీ. తీర్చడానికి అమ్మ లేదు.

పండగైన నాలుగో రోజు సిద్దికా అమ్మ బదులు ఆ రోజా పట్టింది. పొద్దు వాలుతుండగా ఎదురింటి బుల్లయ్య చెంబుతో మజ్జిగ తెచ్చాడు. రాఘవమ్మ కొడుకు, ఆనాటి మగపిల్లాడు. రాఘవమ్మ ఇప్పుడు లేదు గనక నగ్మా అతనికి చెప్పేసింది.

“నా మూలంగా పోయిన రోజా అంట కదక్కా. పొద్దున్నుంచి నేనూ మంచినీళ్ళు ముట్టలా.”

“ఈ ఎండలోనా? ఏరా, కల్లంలో మిరపకాయలు ఎవడు తిరగేశాడు?”

“నేనే. కాస్త కళ్ళు తిరిగినయ్ గానీ పడలా.”

మసీదులో అజాన్ వినిపించింది. ఇద్దరూ ఆ మజ్జిగే తాగారు. సిద్దికా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అమ్మ వదిలిన ఖాళీలో ‘తీర్చాను’ అని రాసింది.

“మసీదు పుస్తకానికి ఏం పంపను అమ్మమ్మా?”

“ముప్పై ఏడూ రాయి,” అంది సిద్దికా. “చుట్టాల ముందు ఆమెను తలదించుకునేలా చేసింది నేనేనని కూడా రాయి.”