బీరువాలో వాలుగ దవడ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒకే మాట అరిగిపోయేదాకా చెప్పాను. చదువుకుంటే నాలుగు డబ్బులు వస్తాయి, బతుకు బాగుపడుతుంది. ఊళ్లో ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పాను. నమ్మే చెప్పాను, అందులో మోసం లేదు. రిటైరయ్యాక ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఖాదీకి పేరున్న పొందూరు దగ్గర ఒక చిన్న ఊళ్లో మా బడి. ఇద్దరు టీచర్లం. బడి ఈడు పిల్లలు ఒక్కరు కూడా బయట ఉండకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. దాని వెనకే ఇంకో కబురు వచ్చింది, పిల్లలు తగ్గితే రెండో పోస్టు తీసేస్తారని. ఆ రెండో పోస్టు నాది. అప్పుడే చేరాను. తీసేస్తే ఏ కొండల మీదకు విసిరేస్తారోనని హడలిపోయాను. పిల్లల మంచీ నా భయమూ బుర్రలో ఒకటైపోయాయి. ఏది ఎక్కడ మొదలైందో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను.

లెక్కకి ఒక్క పిల్ల తక్కువైంది. పదేళ్లది, మూడో తరగతితో మానేసింది. తల్లీ తండ్రీ లేరు, మామ్మ పెంచుతోంది. మామ్మ నూలు వడుకుతుంది. అక్కడి సన్న నూలుకి పత్తిని మిషను మీద వెయ్యరు. వాలుగ చేప దవడ ఎముకకి ఉండే సన్నటి పళ్లతో, గింజకి అంటుకున్న పత్తిని చేత్తో దువ్వుతారు. ఆ దవడలు మా వైపు దొరకవు, గోదావరి వైపు నుంచి రావాలి. మామ్మ తనది కాక మనవరాలి కోసం ఒకటి తెప్పించింది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని తల ఎత్తకుండా దువ్వుతూ ఉండేది.

"ఏటి టీచరమ్మా, మళ్లీ వచ్చినావు?" అనేది ముసలామె. "ఈ ఈడులోనే సెయ్యి కుదరాల. పెద్దయినాక సన్న నూలు తియ్యమంటే రాదు."

"నూలు వడికితే ఏం వస్తుంది? చదివితే ఉద్యోగం వస్తుంది."

"వస్తాదా? నువ్వు ఇప్పిస్తావేటి?"

 సమాధానం లేనప్పుడు నాకు కోపం వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. పిల్ల చేతిలోంచి దవడ లాక్కున్నాను. "ఇది బడిలో ఉంటుంది. పదో తరగతి పాసయ్యాక వచ్చి తీసుకో" అన్నాను. బీరువాలో పెట్టి తాళం వేశాను. ముసలామె వెనకాలే వచ్చి తిడుతుందనుకున్నాను. రాలేదు. మర్నాడు పిల్ల పలక పట్టుకుని వచ్చి కూర్చుంది. రిజిస్టర్లో పేరెక్కింది. నా పోస్టు నిలిచింది.

చదివింది, మా బడిలోనూ తరవాత హైస్కూల్లోనూ మనసు పెట్టి చదివింది. పదో తరగతి పాసైన రోజు పాకం జీళ్లు తెచ్చి నా నోరు తీపి చేసింది. దవడ సంగతి తను అడగలేదు, నాకు గుర్తు రాలేదు. శ్రీకాకుళంలో డిగ్రీలో చేరిందని విని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను. బదిలీ అయినప్పుడు నా పుస్తకాలతో పాటు ఆ దవడ మా ఇంటికి వచ్చేసింది.

కిందటి నెల శ్రీకాకుళంలో ఒక బట్టల షాపుకి వెళ్లాను. ఖాదీ చీర చూపించమంటే, యూనిఫాం చీరలో ఉన్న ఒకావిడ మడత విప్పబోయి ఆగి, నా ముఖంలోకి చూసింది. తనే. చీర అంచు వేళ్ల మధ్య నలిపి, గొంతు తగ్గించి అంది. "ఇది మన నూలు కాదండి, మిల్లుది. తీసుకోకండి."

మధ్యాహ్నం జనం పలచబడ్డాక కౌంటరు దగ్గరే నిలబడి మాట్లాడుకున్నాం. కూర్చోవడానికి వాళ్లకి కుర్చీ ఉండదు. టీచరు పరీక్ష, సచివాలయం పరీక్ష, పోలీసు పరీక్ష, వచ్చినవన్నీ రాసిందట. వయసు దాటిపోయిందట. పక్కన మడతలు పెడుతున్న మనిషిని చూపించింది. "అది అయిదో తరగతి. నాను డిగ్రీ. ఇద్దరికీ ఒకటే జీతమండి."

మామ్మ పోయింది. లాక్‌డౌన్‌లో షాపు మూసేస్తే ఇంట్లో ఉన్న రాట్నం దించి కూర్చుందట. "ఖాదీ సంఘంలో సన్న నూలు తీసేవోళ్లు లేరని ఎతుకుతన్నారు. నానూ తీసి పట్టుకెళ్లినాను. ముతకగా ఉన్నాదని ఎనక్కి ఇచ్చేసినారు. మామ్మ సెప్పినట్టే అయినాది, సెయ్యి కుదరలేదు."

పాత అలవాటు కొద్దీ అడిగాను. "పిల్లల్ని చదివిస్తున్నావా?"

"పాప ఒకర్తే. సదివిస్తన్నానండి. ఇంకేటి సెయ్యమంటారు?"

ఆ పిల్ల వడికినా మేడలు కట్టేది కాదు. ఆ ముసలామె జీవితమంతా వడికి కట్టింది ఒక రేకుల గది. ఆ మాటతో నాకు నేను సర్దిచెప్పుకుందామని ఇంటికి వచ్చే దారంతా చూశాను. కుదరలేదు. ఆ చేతికి వచ్చే పనిని నేను లాక్కున్నాను, దాని బదులు ఇస్తానన్నది ఇవ్వలేకపోయాను. 

తరవాతి వారం దవడని రుమాల్లో చుట్టి పట్టుకెళ్లాను. విప్పి కౌంటరు మీద పెట్టాను. తను దాని పళ్ల మీద బొటనవేలు ఒకసారి నడిపింది. రుమాలు మళ్లీ చుట్టి నా వైపు జరిపింది.

"ఉంచుకోండి టీచరుగారూ. ఇది మీకే పనికొచ్చినాది." కోపంగా అనలేదు. "పిల్లలు సాలకపోతే మీ పోస్టు పోతాదని అప్పుడు ఊరంతా ఎరుగుదుం. మామ్మే అంది, ఎల్లవే, పాపం ఆ టీచరమ్మ ఉద్యోగం పోతాదీ అని."

ఎవరో పెళ్లి చీరలు చూపించమని పిలిచారు. వెళ్లిపోయింది. ఆ వేళ ఒకటో తారీఖు. దవడ సంచిలో వేసుకుని, పెన్షను తీసుకోవడానికి బ్యాంకుకి వెళ్లాను.