కొలవని మూడు రోజుల వాన

బావ పోయాడన్న టెలిగ్రాం అందేసరికి నేను బడిలో భిన్నాలు చెబుతున్నాను. నౌపడ స్టేషను నుంచి వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే నిలబడిపోయి, "సెడ్డ కబురే మేస్టారూ" అన్నాడు. బావ ఆఫీసులో, తన కుర్చీలోనే, మధ్యాహ్నం పూట గుండె ఆగి పోయాడట. రైలెక్కి ఆ దూరపు పట్నం చేరేసరికి వాళ్ల తమ్ముడు కొరివి పెట్టేశాడు. నాకు మిగిలింది బావ గది తాళంచెవీ, అందులో ఒక ట్రంకు పెట్టే.

ఆయన మీలో ఎవరికీ తెలియదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. కోటబొమ్మాళి పక్క పల్లెలో వరి పండించే ఇంట పుట్టి, లెక్కల్లో డిగ్రీ చదివి, వానల లెక్కలు కట్టే ఒక సర్కారు ఆఫీసులో చేరాడు. దేశంలో నలుమూలలా కొలిచిన వాన అంకెలు అక్కడికి చేరతాయి. ఏ వాగుకి ఎంత వరద రావచ్చో వాళ్లు లెక్క కడితే, ఆ లెక్కనిబట్టి ఇంజనీర్లు వంతెన ఎత్తు తేలుస్తారు. ఇరవై ఏళ్లు చేత్తో తిప్పే లెక్కల మర తిప్పీ తిప్పీ బావ కుడి భుజం కాస్త కిందికి జారిపోయింది. చొక్కా ఎప్పుడూ అటువైపు వేలాడేది.

అందరి ఉత్తరాలూ క్షేమమని మొదలవుతాయి. బావ ఉత్తరం "అక్కడ వానెంత?" అని మొదలయ్యేది. ఏ అంకెల వరసైనా పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి కూడేవాడు. మా ఇంటికొస్తే పనసపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకుని, మూడోసారి మా అమ్మ నవ్వితే, "సరిసూసుకుంటన్నానత్తా" అనేవాడు. నన్ను మాత్రం బతకనిచ్చేవాడు కాదు.

"ఏటోయ్ మేస్టారూ, పిల్లలకి లెక్కలు సెప్తన్నావా, బాదుతన్నావా?"

"రెండూను బావా."

"అయితే రెండూ సరిగ్గా రావు."

మా ఇద్దరికీ చుట్టరికం కాక ఇంకో బంధం కూడా ఉంది. మా బడి ఆవరణలో సర్కారు వారి వానకొలత డబ్బా ఉంది. పొద్దున్న ఎనిమిదిన్నరకి అందులో పడిన నీళ్లు గాజు గ్లాసులో పోసి కొలిచి, పుస్తకంలో రాసి, నెలకోసారి నకలు పైకి పంపాలి. ముందు మా నాన్న ఆ పని చేసేవాడు, ఆయన మానేశాక నేను. మా ఇంట్లో చెదలు పట్టని చోటు దేవుడి గూడొక్కటే. అందుకని ఆ పుస్తకం కూడా అక్కడే, పసుపు కుంకాల పక్కన ఉండేది. స్నానం చెయ్యకుండా నాన్న ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. నన్నూ ముట్టుకోనివ్వలేదు. నేను పంపిన నకళ్లన్నీ తిరిగి తిరిగి బావ బల్ల మీదికే చేరేవి. మా ఊరి వాన మా ఊళ్లోవాళ్ల కన్నా ఆయనకే బాగా తెలుసు.

పన్నెండేళ్ల కిందట, బావకిచ్చిన మా అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. అదే వారం తుఫాను పట్టింది. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేస్తే, బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి బయల్దేరాం. దారిలో వాగు మీది కల్వర్టు కనిపించలేదు. కల్వర్టు ఉండాల్సిన చోట నీళ్లు పారుతున్నాయి. ఎడ్లు దిగమంటే దిగలేదు. వెనక్కి తిప్పుకొచ్చాం. తెల్లవారేసరికి అక్కా లేదు, బిడ్డా లేదు.

ఎనిమిదిన్నరకి నేను అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. బయట వాన కురుస్తూనే ఉంది. అరుగు మీదున్న నాన్న నా వైపు చూడకుండానే, "దేవుడి గూడు ముట్టుకోకురా. మైల" అన్నాడు. కూచుండిపోయాను. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింట్లో పోతే మాకు మూడు రోజులు. ఆ మూడు రోజులూ డబ్బా నిండి పొంగి పొర్లింది. నేను దూరం నుంచి చూశానే కాని దాని దగ్గరికి వెళ్లలేదు. పుస్తకంలో ఆ మూడు గళ్లూ ఖాళీగా ఉండిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఆ దుఃఖంలో వాటి సంగతి మళ్లీ నాకు గుర్తే రాలేదు.

రెండేళ్ల కిందట బావ ఆఫీసుకి కంప్యూటరు కొనాలని పైవాళ్లు నిశ్చయించారు. గది నిండా పట్టే యంత్రమట. అంకెల్ని కార్డులనే అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచి పెడితే, చేత్తో ఏడాది పట్టే లెక్క పూట తిరక్కుండా తేల్చేస్తుందట. రెండు విదేశీ కంపెనీలు పోటీకొచ్చాయి. ఏది కొనాలో చెప్పడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఇద్దరు పెద్ద ఆఫీసర్లు. చేత్తో లెక్క కట్టినవాడొకడుండాలని మూడోవాడు బావ. యంత్రాలకి పరీక్ష పెట్టే పని ఆయనకే అప్పగించారు. ఆయన మన జిల్లా వాన పుస్తకాలు తీశాడు. నరసన్నపేట, కోటబొమ్మాళి, నౌపడ. అందులో మా బడి పుస్తకమూ ఉంది. వాటి లెక్క తాను ఇదివరకే చేత్తో కట్టాడు కనక, జవాబు తప్పయితే ఇట్టే తెలుస్తుంది.

కార్డుల పెట్టెలు రైల్లో వేసుకుని, ఆ యంత్రాలు అప్పటికే ఉన్న రెండు ఊళ్లకి ముగ్గురూ వెళ్లారు. మొదటి యంత్రం ఎక్కడా ఆగకుండా గడగడా చదివేసి, వెడల్పాటి కాగితం మీద జవాబు అచ్చు కొట్టింది. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారట. బావ ఆ కాగితంలో ఒక్క నెల కోసం వెతుక్కున్నాడు. ఆ మూడు రోజులకీ ఎదురుగా మూడు సున్నాలున్నాయి. ఇదేమిటని అడిగితే, "కార్డు ఖాళీగా ఉంటే సున్నా అనుకుంటుంది, అదొక సదుపాయం" అన్నాడట కంపెనీ మనిషి.

రెండో యంత్రం ఖాళీ గడి వచ్చిన ప్రతిచోటా ఆగిపోయింది. దీపాలు వెలిగించి, ఇక్కడ అంకె లేదని అచ్చు కొట్టి, మనిషి వచ్చి చెప్పేదాకా కదల్లేదు. కంపెనీ వాళ్లు సిగ్గుపడ్డారు. ఆఫీసర్లు విసుక్కున్నారు. బావ మాత్రం అదే కావాలన్నాడు.

"మొదటి యంత్రానికైనా ఖాళీకి వేరే గుర్తు పెట్టి చెబితే సరిపోతుంది కదా" అన్నారు వాళ్లు. నిజమే, సరిపోతుంది. దేశంలోని పుస్తకాలన్నీ తిరగేసి, ఖాళీ ఉన్న ప్రతి కార్డు మీదా ఆ గుర్తు ఎవరు పొడుస్తారన్నది బావ ప్రశ్న. చివరికి పెద్ద ఆఫీసరు ఒక మాటన్నాడు. "ఆ ఖాళీల వల్ల ఎంత తేడా వస్తుందో అంకెతో చూపించు. తేడా పెద్దదైతే నీ యంత్రమే కొందాం."

ఆ అంకె కోసం బావ సెలవు పెట్టి నా దగ్గరికి వచ్చాడు. రెండు రోజులు మా ఊరి చుట్టుపక్కల ఎండలో తిరిగాం. ఆ తుఫానులో నీళ్లు ఎంతెత్తు వచ్చాయని కనిపించిన వాళ్లందరినీ అడిగాం. ఉప్పుమడుల్లో పనిచేసే ముసలమ్మ నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపింది. "ఆ ఏడు ఉప్పు గింజ మిగల్నేదు బాబూ, గట్లు కూడా అగుపడనేదు" అంది. ఆమె కొడుకు మోకాలు చూపించాడు. స్టేషను దగ్గర టీ కొట్టువాడు గుండె దాకా అన్నాడు. బావ అన్నీ ఓపిగ్గా విని, ఒక్కటీ రాసుకోలేదు.

రెండో రోజు మధ్యాహ్నం బడి వరండాలో కూచున్నప్పుడు నేనే అన్నాను. "పుస్తకం నాదే, సేతిరాతా నాదే. డబ్బా పొంగడం కళ్లతో సూసినాను బావా. రోజుకి పదేసి అంగుళాలని ఇప్పుడు రాసేత్తాను. నీ యంత్రం నువ్వు కొనుక్కో."

ఆయన నామీద కోప్పడింది జీవితంలో ఆ ఒక్కసారే. "గురుతున్నది యేరు, కొలిసింది యేరు. నువ్వు రాసిన అంకెతో నెగ్గితే, ఆ మిషనుకీ నాకూ తేడా ఏటున్నాది? అదీ ఊహించే రాసినాది, నువ్వూ ఊహించే రాత్తావు."

"మరి సున్నా అని లెక్కలోకి పోతన్నాది కదా?"

"అదే నా బాధ. సున్నా అంటే ఏటి మేస్టారూ? ఒకడు పొద్దున్నే ఎల్లి, డబ్బాలో సూసి, ఏటీ నేదని తెలుసుకోడం. ఎవడూ ఎల్లని రోజుకి సున్నా ఎలాగౌతాది?" గొంతు తగ్గించి, "మీ అక్క పోయిన దినం వాన పడనేదని ఉన్నాది ఆ కాయితంలో. ఆ మూడు దినాలూ వానే నేదని ఆ వాగు మీద మళ్లీ అంతే ఎత్తు కడతారు" అన్నాడు.

అప్పుడు చెప్పాను, ఆ గళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో. మైల, దేవుడి గూడు, నాన్న మాట, అన్నీ. తిడతాడనుకున్నాను. తిట్టినా పడేవాణ్ణి. చాలాసేపు డబ్బా వైపు చూసి, "నేనైనా అలాగే కూసుండిపోదును" అన్నాడు. లేచి వెళ్తూ, "మావ ముందు ఈ మాటెత్తకు. ముసిలోడు తట్టుకోనేడు" అన్నాడు. నేను ఎత్తలేదు.

అంకె లేకుండానే తిరిగి వెళ్లాడు. కమిటీలో ఏం జరిగిందో తరవాత ఉత్తరంలో రాశాడు. వానెంత అని అడగకుండా మొదలైన ఉత్తరం అదొక్కటే. మొదటి యంత్రమే తీసుకోవాలని మిగతా ఇద్దరూ అన్నారు. ఖాళీల పని తనకు అప్పగిస్తామంటే బావ కూడా సంతకం పెట్టాడు. "పెట్టీసినాను. పెట్టకుండా ఉండాల్సింది" అని రాశాడు. యంత్రం వచ్చింది. పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టారు. ఖాళీల మాట ఎవరికీ గుర్తులేదు. ఒక్క మనిషిని కూడా సాయమివ్వలేదు. బావ ఆఫీసు పని అయ్యాక ఒక్కడే కూచుని, ఒక్కో జిల్లా పుస్తకం తీసి, ఖాళీ ఉన్న కార్డు మార్చి, తెలియదన్న గుర్తు పొడిచి పెట్టడం మొదలుపెట్టాడు. తెలీదని సెప్పడానికి కూడా ఓ గురుతుండాల, అనేవాడు.

మన జిల్లా ముందు చెయ్యి బావా అని రాశాను. "సొంత జిల్లా ముందేసుకున్నాడని అంటారు. మనది ఆఖర్న" అని జవాబొచ్చింది. ఆ మాటకి అప్పుడు గర్వపడ్డాను. ఇప్పుడు ఒళ్లు మండుతోంది. అంత నిజాయితీ ఎవరికి కావాలి, ఎవరు చూశారు? ఆయన ట్రంకు పెట్టెలో రెండు చొక్కాలు, అక్క ఫొటో, ఇంకా చెయ్యాల్సిన జిల్లాల జాబితా ఉన్నాయి. సగం పేర్ల మీద కూడా కొట్టివేత పడలేదు.

బావ పోయిన పదహారో రోజున ఆ ఆఫీసు నుంచే నాకొక పెద్ద కవరు వచ్చింది. యంత్రం అచ్చు కొట్టిన మా ఊరి వాన లెక్క. పరిశీలకుడు సరిచూసి, తప్పులుంటే ఎదుటి గడిలో దిద్ది, సంతకం చేసి తిప్పి పంపవలెనని ఉత్తరం. అరుగు మీద కూచుని ఆ నెల తీశాను. మూడు సున్నాలూ ఉన్నాయి.

కలం తీశాను. పది అంగుళాలని రాయొచ్చు. కోప్పడేవాడు లేడు. ఆ వాగు మీద కల్వర్టు నాలుగడుగులు ఎత్తు లేచినా లేవచ్చు. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. రాయలేకపోయాను. సున్నాలు మూడూ కొట్టేసి, ఎదుటి గళ్లో చిన్న అక్షరాలతో, "వాన పడింది. నేను కొలవలేదు" అని రాసి సంతకం చేశాను.

నాన్నకి ఎనభై దాటాయి. చూపు బాగా మందగించింది. పక్కనే కూచుని కలం చప్పుడు వింటున్నాడు.

"ఏటి రాసినావురా?"

చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"మీ నాన్న వద్దన్నాడని కూడా రాయి" అన్నాడు.

పన్నెండేళ్లుగా ఆయనకి గుర్తుందని నాకు తెలియదు. "ఈ గడిలో అంత సోటు నేదు నాన్నా" అన్నాను.

ఆయన చెయ్యి చాపి, కాగితం మీద తడుముతూ ఏ గడి అని అడిగాడు. వేలు పట్టుకుని అక్కడ పెట్టాను. సిరా ఇంకా ఆరలేదు. చాలాసేపటిదాకా ఆయన వేలు తియ్యలేదు.