చెల్లె ఒడిబియ్యం, నా బండి నెత్తి మీది మంచం

రోడ్డు మీద ఎవరైనా మీ బండి వైపు చూసి చెయ్యి ఊపితే, దయచేసి తిరిగి ఊపకండి. ముందు బండి ఆపండి. దిగి చూడండి. ఈ సలహా ఇచ్చే అర్హత నాకెలా వచ్చిందో చెప్తా, చాయ్ తాగుతూ వినండి.

నాకు తాండూరులో బండల దుకాణం ఉంది. నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టి అమ్ముతాం. నిరుడు ఒక ఫోర్ బై ఫోర్ బండి కొన్నా. కొండలెక్కుతుంది, వాగులు దాటుతుంది అన్నారు. నేను దాన్ని ఎక్కించిన కొండ ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. గని దాకా పోయే మట్టిదారి ఉంది, అంతే. అయినా ఎందుకో బండి నెత్తి బోడిగా ఉందనిపించింది. ఫోన్‌లో ఏ వీడియో చూసినా అలాంటి బండ్ల మీద రూఫ్ ర్యాక్ ఉంటుంది. దాని మీద డేరాలు, డబ్బాలు, పార, గడ్డపార కట్టుకుని జనం ఎక్కడెక్కడికో పోతుంటారు. మనకెందుకు లేదు?

ఇక అదే పిచ్చి. ఇనుముదా, అల్యూమినియందా? చదునుగా ఉండేదా, చుట్టూ కమ్మీలున్న గంప లాంటిదా? దుకాణంలో గిరాకీ నిలబడి ఉంటే నేను కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని ర్యాకులు చూసేవాణ్ని. చివరికి హైదరాబాద్ పోయి ఒక షాపులో నల్లటి, కమ్మీలున్న, చూడగానే గుండె నిండిపోయేది ఒకటి సెలెక్ట్ చేశా. షాపతను మంచివాడు, అడగాల్సిందే అడిగాడు.

"సార్, దీని మీద ఏం పెడ్తరు?"

"సామాన్లు."

"ఏం సామాన్లు సార్?"

"ఉంటయి కద భాయ్!"

పాపం, ఇంకేం అడగలేదు. బిగించేటప్పుడు మాత్రం ఒక్క మాట అన్నాడు. "గాలికి జర సౌండ్ వస్తది సార్. ముంగట గీ పట్టీ ఏపిచ్చుకుంటే తగ్గుతది."

పట్టీ పెట్టి చూశా. లుక్ పోయింది. వద్దన్నా.

ఇంటికి తెచ్చి గేటు ముందు ఆపగానే మా ఆవిడ స్వరూప బయటికొచ్చింది. కాసేపు పైకి చూసింది. "గిదేంది? బండి నెత్తి మీద నులక లేని మంచం ఏసుకొచ్చినవ్?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు మంచమే.

ర్యాక్‌తో కాపురం అంత తేలిక కాదు. బండి కాస్త స్పీడందుకుంటే చాలు, పైనుంచి 'ఊఊ...' అని మూలుగు. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ భయపడింది. "ఓరి కొడుకా, బండికి పానం మంచిగ లేదా ఏందిరా? గట్ల మూలుగుతుంది!" దానికి నేనొక ఉపాయం కనిపెట్టా. అద్దాలన్నీ పైకెత్తి, పాటలు గట్టిగా పెట్టేయడం. ఇంకో చిక్కేమిటంటే, నేను పొడుగు తక్కువ. ర్యాక్ నాకు అందదు. అందుకని ఒక స్టూలు కొన్నా. తర్వాత ఒక మడత నిచ్చెన. తర్వాత కట్టే బెల్టులు, మీద కప్పే వల. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? డిక్కీలో! అలా ర్యాక్ సామాన్లతో డిక్కీ నిండిపోయింది. ఇక మా సామాన్లకు ర్యాక్ తప్ప దిక్కు లేదు.

ఇంతలో వికారాబాద్‌లో మా చెల్లె సుజాత గృహప్రవేశం వచ్చింది. ఆడబిడ్డ ఇల్లు కట్టుకుంటే పుట్టింటివాళ్లు ఆమె ఒడిలో పోయడానికి ఒడిబియ్యం తీసుకుపోవాలి కదా. అమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి, ఇంట్లోంచి మంచి బియ్యం తీసి, పసుపు, నెయ్యి వేసి తనే చేత్తో కలిపింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కలుపుతున్నంత సేపూ ఒకటే మాట. "అత్తగారోళ్ల చుట్టాలందరు ఉంటరు. అందరి ముంగట నా బిడ్డ ఒడి వెలితి గావద్దు."

ఆ బియ్యం సంచిని తన కాళ్ల దగ్గర పెట్టుకుంటానంది. నేనూరుకుంటానా? "ర్యాక్ ఎందుకున్నదే అమ్మా! హాయిగ కాళ్లు చాపుకొని కూసో" అన్నా. సంచి పైకెక్కించా. చెల్లె దేవుడి గదిలోకి అడిగిందని మా దుకాణం నుంచి ఒక చిన్న పాలిష్ బండ కూడా తీసుకున్నా. సైజు అక్కడ చూసి కోయిద్దామని దాని అంచులు నున్నగా చేయించలేదు. బండనూ సంచినీ ఒకదానికొకటి ఆనించి, స్టూలెక్కి, బెల్టు బిగించా. ఊపి చూశా. కదల్లేదు. అబ్బ, నా పనితనానికి నేనే మురిసిపోయా! చీర, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఉన్న సంచి కూడా ఇమ్మంటే స్వరూప ఇవ్వలేదు. "ఇది నా ఒళ్లనే ఉంటది. నీ మంచం మీద నువ్వే పండుకో" అంది.

బయల్దేరాం. మన రోడ్డు సంగతి మీకు తెలుసు కదా, గుంత తర్వాత గుంత. పైన మూలుగు, లోపల పాటలు. ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో, ఒక బైకతను మా పక్కకొచ్చి, నా వైపు చూసి, వేలు పైకి చూపించాడు. ఏదో అరుస్తున్నాడు గానీ అద్దాలు మూసి ఉన్నాయిగా, వినపడలేదు. నేను బొటనవేలు ఎత్తి చూపించా. అతను తల కొట్టుకుని పోయాడు.

"చూసినవా? ర్యాక్ నచ్చింది పిలగానికి" అన్నా స్వరూపతో.

"తల ఎందుకు కొట్టుకుండు మరి?"

"వాని బండికి లేదని బాధ!"

కోట్‌పల్లి మలుపు దగ్గర ఆటోలో పోతున్న ఆడవాళ్లంతా ఒకేసారి మా పైకప్పు వైపు చేతులు చూపించారు. వాళ్లకూ చెయ్యి ఊపా. ధారూర్ దగ్గర ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి మరీ పైకి చూపించాడు. బస్సు డ్రైవరండీ! రోజూ ఎన్ని బండ్లు చూస్తాడు! నేను తల వంచి నమస్కారం పెట్టా.

"జర ఆపుదాం. ఏందో చెప్తున్నరు అందరు" అంది స్వరూప.

"ఏడ కొన్నవని అడుగుతున్నరు. ఆపుకుంట పోతే అక్కడ టైం దాటుతది."

వెనక సీట్లో అమ్మ మాత్రం నన్ను నమ్మింది. "ఇంతమంది కండ్లు పడ్డయి, నా కొడుకు బండికి దిష్టి తగుల్తది" అని మెటికలు విరిచింది. అద్దంలో చూస్తే ఒక మేకల మంద మా వెనకాలే రోడ్డెక్కింది. మేకలకు కూడా నచ్చిందంటే ఇక ఆ ర్యాక్ గురించి ఎవరికి చెప్పుకోవాలి!

అనంతగిరి గుట్ట ఎక్కాం. అమ్మ పద్మనాభస్వామికి కూర్చున్నచోటే దండం పెట్టుకుంది. చెట్ల మధ్య, మలుపులో, ఎండ పడుతూ... ర్యాక్‌తో బండి ఫోటో తీయడానికి అంతకంటే మంచి చోటు దొరకదనిపించి ఆపా. ఫోన్ పట్టుకుని దిగా. దిగగానే కోతులు. గుట్ట మీద కోతులు మామూలే. కానీ ఇవి మా దగ్గరికి రావడం లేదు. మా వెనకాల రోడ్డు మీద వరసగా కూర్చుని, చక్కగా, ఓపికగా ఏరుకుని తింటున్నాయి. ఏం తింటున్నాయా అని వంగి చూశా.

పసుపు రాసిన బియ్యం.

మలుపు దాకా సన్నటి పచ్చటి గీత. మలుపు అవతల కూడా అదే గీత. స్టూలు తీసి పైకెక్కి చూశా. బండ అంచు గుంత గుంతకూ సంచిని రంపంలా కోస్తూ వచ్చింది. బండలు కొన్న ప్రతివాడికీ నేను చెప్పే మాట ఒకటుంది. "అంచుకు గోనె కట్టు తమ్మీ, లేకుంటే కోస్తది." రోజూ చెప్పే మాట! సంచి అడుగున ఓ మూల మడతలో రెండు దోసిళ్ల బియ్యం మిగిలాయి. బండకు మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

అమ్మ దిగి చూసింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా చేతులతోని కలిపిన గదరా... గిప్పుడు నా బిడ్డ ఒళ్ల ఏం పోయాలె?" అంది. వికారాబాద్‌లో బియ్యం దొరక్క కాదు. పుట్టింటి బియ్యం ఏ దుకాణంలో దొరుకుతాయి?

మిగిలిన దారంతా పాటలు లేవు. మూలుగు మాత్రం వినపడింది. అది బండిదో నాదో తెలియలేదు.

సుజాత ఇంటి ముందు షామియానా, నిండా చుట్టాలు. ఎలాగూ దాగదని, గేటు దగ్గరే చెల్లెకు, వాళ్ల అత్తగారికి జరిగింది జరిగినట్టు చెప్పేశా. అమ్మ తల ఎత్తలేదు. సుజాత ఆ చినిగిన సంచిని చూసింది, నన్ను చూసింది, పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

"అందరికి ఒళ్ల పోస్తరు. నాకు తాండూరు నుంచి వికారాబాద్ దాకా పోసినవ్ కదన్నా!"

అమ్మ ఎవరి ముందు తలవంపులవుతుందని భయపడిందో, ఆ అత్తగారే ముందుకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినె, ఎందుకు ఫికర్ పడ్తున్నవ్? పాలల్ల తోడు ఎంత ఏస్తం? చెంచాడు. కుండ మొత్తం పెరుగైతది గద. నువ్వు తెచ్చింది తోడు అనుకో." లోపలికి పోయి తన ఇంటి బియ్యం తెచ్చింది, పసుపు తెచ్చింది. అమ్మ ఆ రెండు దోసిళ్లూ అందులో పోసి, మళ్లీ తనే చేత్తో కలిపింది. ముహూర్తం దాటకముందే చెల్లె ఒడి నిండింది. అమ్మ ముఖం కూడా నిండింది. నేను షామియానా వెనకాల నిలబడి కళ్లు తుడుచుకున్నా. పొయ్యి పొగ అని చెప్పా.

అప్పటి నుంచి ర్యాక్ మీద ఏమీ పెట్టడం లేదు. స్వరూప పెట్టనివ్వడం లేదనాలి. పప్పు అయినా, ఉప్పు అయినా అందరి ఒళ్లోనే.

మొన్న నేనూ స్వరూపా మళ్లీ అదే రోడ్డు మీద చెల్లె ఇంటికి పోతున్నాం. ఒక బైకతను పక్కకొచ్చాడు. నా వైపు చూశాడు. వేలు పైకి చూపించాడు. బండి పక్కకు లాగి, పరిగెత్తి, డిక్కీ తెరిచి, స్టూలేసి, పైకెక్కి చూశా. ఏమీ లేదు. ఉండడానికి మేం పెట్టిందేముంది? అంతలో అతను పరేషాన్ అయి వెనక్కి తిరిగొచ్చాడు.

"ఏమైందన్నా? ర్యాక్ మస్తున్నదని చెప్పిన, గంతే! ఏం పెడ్తరన్నా దీని మీద?"

హైదరాబాద్ షాపులో అడిగిన ప్రశ్నే. నేను స్టూలు దిగేలోపే, స్వరూప ఒళ్లో కందిపప్పు సంచి పెట్టుకునే, అద్దం దించి తల బయటపెట్టింది.

"ఏం పెట్టం తమ్మీ. గాలి మోస్తం."